లెక్కకు వచ్చే వాట్లు, లెక్కకు రాని స్తంభాలు

ఏ పోటీకైనా ముందుగా ఒక గీత గీయవలసి ఉంటుంది. కుస్తీలో ఆ గీత బరువు. బడిపిల్లల పరుగుపందెంలో వయస్సు. ఎన్నికల్లో నియోజకవర్గపు సరిహద్దు, ఖర్చు పరిమితి. ఎవరు ఎవరితో తలపడాలో తేల్చేది ఆ గీతే కనుక, ఆట మొదలు కాకముందే సగం ఫలితం దాని దగ్గర నిర్ణయమై ఉంటుంది. రాజకీయాలను దగ్గరగా గమనించేవారికి ఇది తెలిసిన సత్యమే. అయితే ఆ సత్యాన్ని ఏ ముసుగూ లేకుండా చూడాలంటే, రాజకీయాలతో ఏ సంబంధమూ లేని ఒక వ్యాపకం వైపు తిరగాలి. అది హామ్ రేడియో పోటీ. అక్కడ నగదు బహుమతులు లేవు, పదవులు లేవు. గెలిచినవారికి దక్కేది ఒక ప్రశంసాపత్రం, మహా అయితే ఒక చెక్క ఫలకం. అయినా న్యాయమైన పోటీ అంటే ఏమిటన్న తగవు అక్కడ దశాబ్దాలుగా తెగడం లేదు.

హామ్ రేడియో అంటే, ప్రభుత్వం పెట్టే పరీక్షలో ఉత్తీర్ణులై, లైసెన్సు పొంది, లాభాపేక్ష లేకుండా సొంత పరికరాలతో ప్రపంచంలోని తోటి ఔత్సాహికులతో సంభాషించడం. పోటీ రోజుల్లో ఆ సంభాషణ కుదించుకుపోతుంది. సంకేతనామం, ఒక సంఖ్య, ధన్యవాదం, అంతే. నిర్ణీత గంటల్లో ఎంతమందిని పలకరించారు, ఎన్ని దేశాలను అందుకున్నారు అన్నదే స్కోరు. ఈ పోటీల్లో ప్రసిద్ధమైనది సీక్యూ వరల్డ్‌వైడ్ డీఎక్స్ పోటీ. గళంతో జరిగే భాగం అక్టోబరు చివరి వారాంతంలో, మోర్స్ సంకేతాలతో జరిగే భాగం నవంబరు చివరి వారాంతంలో ఉంటాయి. ఒక్కొక్కటి 48 గంటలు నడుస్తుంది.

అందులో పాల్గొనేవారిని పరికరాలను బట్టి తరగతులుగా విభజిస్తారు. ప్రసార శక్తి 5 వాట్లు మించనివారు ఒక తరగతి. 100 వాట్ల లోపు వారు మరొకటి. 1500 వాట్ల వరకు వెళ్లేవారు మూడోది. ఎవరు ఏ తరంగంపై పలుకుతున్నారో కంప్యూటరు తెరపై చూపే అంతర్జాల సహాయాన్ని వాడుకునేవారు వేరు, తమ చెవినే నమ్ముకునేవారు వేరు. ఆరు తరంగపట్టాల్లో ఏదో ఒకదానికే పరిమితం కావచ్చు, లేదా అన్నింటా తిరగవచ్చు. మూడు శక్తి తరగతులు, సహాయం ఉన్నవారు, లేనివారు, ఏడు రకాల తరంగపట్టాల ఎంపిక. వీటిని గుణిస్తే ఒంటరిగా పాల్గొనేవారికే 42 తరగతులు తేలతాయి. కొత్తగా లైసెన్సు పొందినవారికి, 25 ఏళ్ల లోపు యువతకు, ఒకే రేడియోతో 24 గంటలు మాత్రమే పోటీపడే సంప్రదాయవాదులకు ఉన్న ఉపవిభాగాలు దీనికి అదనం.

ఇన్ని గీతలు గీశాక కూడా న్యాయం జరగలేదన్న అసంతృప్తి ఎందుకు మిగిలింది? ఆ ప్రశ్నకు సమాధానం కావాలంటే ఆ నిబంధనలను ఒక ఊరికి, ఒక వీధికి, ఒక డాబాకు తెచ్చి పరీక్షించాలి. ఝార్ఖండ్‌లోని జంషెడ్‌పూర్‌లో భాలుబాసా అందుకు తగిన చోటు.

ఉత్తరాంధ్ర నుంచి రైలెక్కి టాటా ఉక్కు కర్మాగారంలో పనికి కుదిరిన తెలుగు కుటుంబాలు తరతరాలుగా జంషెడ్‌పూర్‌లో ఉన్నాయి. బిష్టుపూర్‌లోని ఆంధ్ర భక్త శ్రీరామ మందిరం ఆ వలసకు ఒక గుర్తు. భాలుబాసా విషయానికి వస్తే, పెద్ద పెద్ద ఆవరణలున్న బంగళాల పేట కాదది, శ్రామికుల పేట. ఝార్ఖండ్ ముఖ్యమంత్రి పదవి వరకు వెళ్లిన రఘువర్ దాస్ మెట్రిక్యులేషన్ చదివింది భాలుబాసా హరిజన ఉన్నత పాఠశాలలోనే. ఆయనా ఒకప్పుడు ఉక్కు కర్మాగారంలో ఉద్యోగే. 1995 నుంచి 2014 వరకు వరుసగా ఐదు ఎన్నికల్లో ఆయనను గెలిపించిన జంషెడ్‌పూర్ తూర్పు నియోజకవర్గంలో ఎప్పటికీ చల్లారని అంశం ఒకటుంది. నగరంలోని 86 బస్తీల వారికి తాము నివసిస్తున్న నేలపై యాజమాన్య హక్కు కావాలన్నది ఆ డిమాండు. కంపెనీ కౌలు భూమిగా మొదలైన నగరంలో కాళ్ల కింది నేల ఎవరిదన్నది ఇప్పటికీ ఎన్నికల ప్రశ్నే. రేడియో గురించి మాట్లాడుతూ భూమి గురించి ఎందుకు ప్రస్తావించవలసి వచ్చిందో కాసేపట్లో స్పష్టమవుతుంది.

ఇప్పుడు భాలుబాసాలో ఒక హామ్ ఉన్నాడని ఊహించుకుందాం. వయస్సు ముప్పై దాటింది. రెండు గదుల అద్దె ఇల్లు, పైన అందరికీ ఉమ్మడిగా ఒక డాబా. అతనికి ఉన్నది రెస్ట్రిక్టెడ్ తరగతి లైసెన్సు, అంటే వీయూ3 అక్షరాలతో మొదలయ్యే సంకేతనామం. భారతదేశంలో 1978 నాటి అమెచ్యూర్ రేడియో నిబంధనలకు తరువాత వచ్చిన సవరణల ప్రకారం ఈ లైసెన్సుకు అనుమతించిన గరిష్ఠ శక్తి 50 వాట్లు. మోర్స్ పరీక్ష కూడా నెగ్గి జనరల్ తరగతికి, అంటే వీయూ2కు ఎదిగితే 400 వాట్లు. అంతకు మించి ప్రసారం చేస్తే అది చట్టవిరుద్ధం.

అతను అంతర్జాతీయ పోటీలో పేరు నమోదు చేసుకుంటే ఏ తరగతిలోకి వెళ్తాడు? 100 వాట్ల తరగతిలోకి. అక్కడ అతని ప్రత్యర్థులకు అతనికి రెట్టింపు శక్తి ఉంటుంది. రేపు అతనే జనరల్ లైసెన్సు తెచ్చుకుని, అప్పో సప్పో చేసి 400 వాట్ల యాంప్లిఫయర్ కొన్నాడనుకుందాం. అప్పుడు 1500 వాట్ల తరగతిలోకి వెళ్తాడు. అక్కడ ప్రత్యర్థులకు అతనికన్నా సుమారు నాలుగు రెట్ల శక్తి. 1500 వాట్లన్నది ఎక్కడి సంఖ్య? అమెరికా చట్టం తన హామ్‌లకు అనుమతించిన గరిష్ఠ పరిమితి. జపాన్‌లో ఆ పరిమితి 1000 వాట్లు. బ్రిటన్‌లో ఎంతోకాలం 400 వాట్లే ఉండి, 2024లో 1000కి పెరిగింది. ఒక దేశపు చట్టంలోని అంకె ప్రపంచ పోటీలో కొలబద్ద అయింది. ఇందులో దురుద్దేశం ఏమీ లేదు. గీత గీసినవారు తాము నిలబడ్డ చోటి నుంచి గీశారు, అంతే. గీతలు గీసేవారందరూ సాధారణంగా చేసేది అదే.

అయినా శక్తిలోని ఈ తేడా అసలు సమస్య కాదు. రేడియో లెక్కల్లో రెట్టింపు శక్తి అంటే 3 డెసిబెల్స్ తేడా. వినేవారి చెవికి అది పెద్ద తేడాగా అనిపించదు. 100 వాట్లకూ 1500 వాట్లకూ మధ్య ఉన్నది సుమారు 12 డెసిబెల్స్. అది గట్టిగా తెలిసే తేడాయే, అందుకే తరగతి వేరు చేశారు. కానీ పోటీని నిజంగా శాసించే పరికరం గదిలో బల్ల మీద ఉండదు. ఇంటి పైన ఉంటుంది. అది యాంటెన్నా.

ఏడు మెగాహెర్ట్జ్ తరంగపట్టాన్ని తీసుకుందాం. రాత్రిపూట దూరదేశాలను అందుకోవడానికి అది ముఖ్యమైన దారి. దానికి సరిపోయే సాధారణ తీగ యాంటెన్నా పొడవు సుమారు 20 మీటర్లు. మూడున్నర మెగాహెర్ట్జ్‌కైతే సుమారు 40 మీటర్లు. భాలుబాసా డాబా మీద 40 మీటర్ల తీగ నిటారుగా సాగదు. నాలుగిళ్లు దాటాలి, లేదా వంకరలు తిరగాలి. 20 మీటర్ల తీగకైనా పక్కింటి పిట్టగోడ అవసరం. ఆ ఇంటి పెద్దమ్మ "బాబూ, ఈ తీగ మీద పిడుగు పడదు గదా?" అని అడిగితే జవాబు చెప్పి ఒప్పించాలి. పొడవు సమస్య తీరినా ఎత్తు సమస్య మిగులుతుంది. ఆ తీగ నేలకు 20 మీటర్ల ఎత్తున ఉంటే తరంగాలు దిగంతం వైపు వాలుగా సాగి సముద్రాలు దాటుతాయి. ఆరేడు మీటర్ల ఎత్తున ఉంటే శక్తిలో చాలాభాగం నడినెత్తి వైపు ఎగిరి, తిరిగి చుట్టుపక్కల రాష్ట్రాల్లోనే వాలుతుంది. లండన్‌కు చేరవలసిన గొంతు లక్నోలో దిగిపోతుంది.

పధ్నాలుగు మెగాహెర్ట్జ్ వద్ద కూడా అంతే. మూడు కడ్డీల యాగీ యాంటెన్నాను ఎత్తైన స్తంభంపై నిలిపి, మోటారుతో కావలసిన దిక్కుకు తిప్పుకునే వ్యక్తికి, అదే ఎత్తున కట్టిన మామూలు తీగతో పోలిస్తే దాదాపు 5 డెసిబెల్స్ లాభం. అంటే మూడు రెట్ల శక్తితో సమానం. యాగీకి 100 వాట్లు పంపితే తీగకు 300 వాట్లు పంపినట్లు. స్తంభాల మీద యాగీలను ఒకదానిపై ఒకటి పేర్చినవారి లాభం ఇంకా ఎక్కువ. భాలుబాసాలోని 50 వాట్ల తీగకూ, మరెక్కడో పదెకరాల పొలంలో యాగీతో కూర్చున్న 100 వాట్ల వ్యక్తికీ మధ్య తేడా ఎత్తు సంగతి వదిలేసినా ఆరు రెట్లు. పోటీ నిబంధనల దృష్టిలో మాత్రం వారిద్దరూ సమానులు. ఇద్దరిదీ ఒకే తరగతి, ఒకే జాబితా.

ఇక్కడ గమనించవలసిన విషయం మరొకటి ఉంది. యాంప్లిఫయర్ అరవడానికి మాత్రమే సాయపడుతుంది. వినడానికి కాదు. యాంటెన్నా అరుపుకూ వినికిడికీ రెండింటికీ సాయపడుతుంది. ఇరుకు పేటలో వినికిడే పెద్ద కష్టం. ప్రతి ఇంటి ఇన్వర్టరు, ఎల్ఈడీ దీపం, ఫోను ఛార్జరు తరంగాల్లోకి కొంత రొదను విడుస్తాయి. అక్టోబరు చివరి వారాంతమంటే దీపావళి రోజుల చుట్టుపక్కలే. వీధంతా మిణుకుమిణుకుమనే విద్యుద్దీపాల తోరణాలు. వాటి మధ్య బ్రెజిల్ నుంచి సన్నగా వచ్చే గొంతును పట్టుకోవడం జాతరలో గుసగుస వినడం లాంటిది. పొలంలో కూర్చున్నవాడికి ఆ బాధ లేదు. అంటే తరగతులు లెక్కపెట్టే పరికరం ఒకవైపే పనిచేస్తుంది. అవి లెక్కపెట్టని పరికరం రెండువైపులా పనిచేస్తుంది.

మరి యాంటెన్నాను ఎందుకు లెక్కపెట్టరు? వాట్లు ఒక అంకె. కాగితంపై రాసి సంతకం పెట్టవచ్చు. యాంటెన్నా అంకె కాదు. దాని పొడవు, ఎత్తు, దిక్కు, చుట్టూ ఉన్న నేల, పక్కన ఉన్న కొండ అన్నీ కలిస్తేనే దాని విలువ. అందువల్ల కొలవడం కష్టమన్నది పైకి చెప్పే కారణం. అది అబద్ధం కాదు. కానీ లోతుగా చూస్తే ఇంకొకటి కనిపిస్తుంది. యాంటెన్నాను కొలవడమంటే ఆస్తిని కొలవడమే. స్తంభం ఎత్తు అడిగితే, ఆ స్తంభం నిలిచిన నేల ఎవరిదన్న ప్రశ్న వెంటనే వస్తుంది. యాంప్లిఫయర్‌ను అప్పు చేసి కొనవచ్చు. నేలను, నిశ్శబ్దాన్ని, స్తంభం నిలపనిచ్చే హక్కును అలా కొనలేం. కాళ్ల కింది నేలకు పట్టా కోసం దశాబ్దాలుగా ఓట్లు వేస్తున్న నగరంలో ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు.

ఈ దేశపు ఎన్నికల చట్టం తెలిసినవారికి ఇదంతా ఎక్కడో విన్నట్లే అనిపిస్తుంది. 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 77వ సెక్షన్ అభ్యర్థి ఖర్చుకు లెక్క అడుగుతుంది. 2022లో సవరించిన పరిమితి ప్రకారం పెద్ద రాష్ట్రాల్లో లోక్‌సభ అభ్యర్థి 95 లక్షల రూపాయలు, శాసనసభ అభ్యర్థి 40 లక్షల రూపాయలు మించి ఖర్చు చేయరాదు. పార్టీ చేసే సాధారణ ప్రచార వ్యయానికి మాత్రం ఏ పరిమితీ లేదు. 1974 అక్టోబరులో కన్వర్‌లాల్ గుప్తా కేసులో సుప్రీంకోర్టు ఈ లొసుగును గుర్తించింది. అభ్యర్థి కోసం పార్టీ పెట్టిన ఖర్చునూ అభ్యర్థి ఖాతాలోనే వేయాలని చెప్పింది. ఆ తీర్పు సిరా ఆరకముందే ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి, ఆ పైన చట్టాన్ని సవరించి, దాన్ని నిర్వీర్యం చేసింది. అభ్యర్థి ఖర్చు వాట్ల వంటిది. పార్టీ ఖర్చు స్తంభం వంటిది. మొదటిదానికి గీత ఉంది, లెక్క ఉంది, సంతకం ఉంది. ఎన్నికను మలుపు తిప్పేది మాత్రం రెండోది. కొలవడానికి వీలైనదాన్ని మాత్రమే కొలిచి న్యాయం చేశామనుకోవడం రెండుచోట్లా జరుగుతున్నది.

పోలిక ఇంకొంత దూరం సాగుతుంది. అభ్యర్థి దాఖలు చేసే ఖర్చు లెక్కల్లాగే హామ్ ప్రకటించే వాట్లకూ ముఖ్య ఆధారం అతని మాటే. ఎవరి ఇంట్లోనూ మీటరు పెట్టి చూసే నాథుడు ఉండడు. సీక్యూ పోటీలో అగ్రస్థానాల కోసం పోటీపడేవారు ధ్వనిముద్రణ సమర్పించవలసి ఉంటుంది. లాగ్‌లను కంప్యూటర్లు జల్లెడ పడతాయి. తరంగాల సహాయం దొంగచాటుగా వాడుకున్నవారిని అలా పట్టుకోవడం కొంతవరకు సాధ్యమే. ప్రసార శక్తిని దాచినవారిని పట్టుకోవడం చాలా కష్టం. తేలికగా తప్పించుకోగల గీత నిజాయితీపరుణ్ణి మాత్రమే కట్టిపడేస్తుంది. 50 వాట్ల దగ్గర ఆగిపోయే భాలుబాసా వ్యక్తిని అతని లైసెన్సు ఆపుతుంది, అతని అంతరాత్మ ఆపుతుంది. ప్రత్యర్థిని ఏది ఆపుతుందో అతనికి తెలియదు.

పరికరాలకు తోడు భూగోళం కూడా ఉంది. సీక్యూ పోటీలో వేరే ఖండంతో సంపర్కానికి 3 పాయింట్లు. అదే ఖండంలోని మరో దేశంతో అయితే, ఉత్తర అమెరికాను మినహాయిస్తే, ఒక్క పాయింటు. హామ్‌లు కిక్కిరిసిన జపాన్ జంషెడ్‌పూర్‌కు ఎంత దూరమైనా ఆసియానే కనుక అక్కడి ప్రతి పలకరింపుకూ ఒక్క పాయింటే వస్తుంది. ఆఫ్రికా తీరాన ఉన్న కేనరీ దీవుల్లోనో, కేప్ వెర్డేలోనో కూర్చున్నవారికి ఒకవైపు యూరప్, మరోవైపు అమెరికా. రెండూ వేరే ఖండాలే, మధ్యలో ఉప్పునీరే. ఆ దీవులకు ప్రత్యేకంగా వెళ్లి పోటీ చేసేవారు ఊరికే వెళ్లరు. పుట్టిన చోటు ఇచ్చే లాభాన్ని ఏ తరగతీ సరిచేయలేదన్నది నిజమే. కానీ సరిచేయలేనిది ఇంత ఉన్నప్పుడు, మూడు వాట్ల గీతలు గీసి ఇక మిగిలిందంతా నైపుణ్యమేనని చాటడం సబబు కాదు.

ఈ అసమానతను పూర్తిగా తుడిచివేయాలని చూసిన ప్రయత్నం ఒకటి ఉంది. 1990లో అమెరికాలోని సియాటిల్‌లో మొదలైన వరల్డ్ రేడియోస్పోర్ట్ టీమ్ ఛాంపియన్‌షిప్ కొన్నేళ్లకొకసారి జరుగుతుంది. ఇద్దరేసి సభ్యులున్న సుమారు 60 జట్లను ఒకే ప్రాంతానికి రప్పిస్తారు. 2010లో మాస్కో దగ్గర జరిగినప్పటి నుంచి బయలు ప్రదేశాల్లో గుడారాలు వేసి, ప్రతి జట్టుకూ ఒకే రకం స్తంభం, ఒకే రకం యాంటెన్నా, ఒకే శక్తి పరిమితి ఇస్తున్నారు. ఎవరు ఏ గుడారంలో ఉన్నారో ప్రపంచానికి తెలియకుండా సంకేతనామాలను అప్పటికప్పుడు కేటాయిస్తారు. ఇరవైనాలుగు గంటల తరువాత తేలే ఫలితంలో చెవి, చేయి, వ్యూహం తప్ప మరొకటి కనిపించదు. 2014లో అమెరికాలోని న్యూ ఇంగ్లండ్‌లో, 2018లో జర్మనీలో వందలాది స్వచ్ఛంద కార్యకర్తలు స్తంభాలు మోసి, తీగలు లాగి, దాన్ని సాధ్యం చేశారు. న్యాయానికి ఎంత శ్రమ, ఎంత ఖర్చు అవుతుందో ఆ గుడారాలు చెబుతాయి.

అయితే ఆ గుడారం వరకు చేరేది ఎవరు? ప్రపంచాన్ని ఎంపిక ప్రాంతాలుగా విభజించి, ఒక్కో ప్రాంతం నుంచి అర్హులను తేల్చుతారు. ఆ అర్హత మామూలు పోటీల్లో వచ్చిన స్కోర్ల మీద ఆధారపడుతుంది. మామూలు పోటీల్లో స్తంభాలదే రాజ్యమని తెలిసిందే. పరీక్ష గదిలో అందరికీ ఒకే ప్రశ్నపత్రం, ఒకే బల్ల, ఒకే గడియారం. ఆ గది తలుపు దాకా రావడానికి కోచింగు ఫీజు ఎవరు కట్టగలిగారన్నది వేరే సంగతి. సమాన వేదికను ఏర్పాటు చేసినవారి చిత్తశుద్ధిని శంకించనక్కరలేదు. సమానత్వం చివరి మెట్టు దగ్గర మాత్రమే పెడితే, ఆ మెట్టు ఎక్కినవారికే అది అందుతుందన్నది గుర్తుంచుకుంటే చాలు.

తరగతులను ఇంకా పెంచితే సరిపోతుందని కొందరి వాదన. 50 వాట్లకు ఒకటి, 400 వాట్లకు ఒకటి, డాబా యాంటెన్నాలకు ఒకటి. వినడానికి బాగుంటుంది. కానీ 42 తరగతులు ఇప్పటికే ఉన్నచోట మరో నలభై చేర్చితే చాలా జాబితాల్లో ఒక్కరే మిగులుతారు. ఒక్కడే పరుగెత్తిన పందెంలో మొదటి స్థానం గోడకు వేలాడుతుంది కానీ గుండెకు ఆనదు. పైగా ఎవరికి వారికి ఒక గది కేటాయించి పంపడం అసమానతను పరిష్కరించడం కాదు, కంటికి కనపడకుండా చేయడం. అసలు తరగతులే వద్దు, అందరూ ఒకే బరిలో దిగాలన్నది రెండో వాదన. స్తంభాలు ఉన్నవారి నోట అది తరచుగా వినిపించడంలో ఆశ్చర్యం లేదు.

ఈ రెండింటికీ మధ్య ఒక దారి ఉంది. దాన్ని చూపింది కూడా ఈ దేశపు ఎన్నికల చరిత్రే. అభ్యర్థుల ఆస్తులను సమానం చేయమని ఏ కోర్టూ చెప్పలేదు. వాటిని ప్రకటించమని మాత్రమే చెప్పింది. 2002 మే 2న అసోసియేషన్ ఫర్ డెమొక్రటిక్ రిఫార్మ్స్ కేసులో, ఆ తరువాత 2003 మార్చి 13న పౌరహక్కుల ప్రజాసంఘం కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులతో ప్రతి అభ్యర్థీ తన ఆస్తి, అప్పు, చదువు, నేరచరిత్రలను అఫిడవిట్‌లో రాయవలసి వచ్చింది. దానివల్ల ధనవంతులు ఓడిపోలేదు. కానీ ఓటరుకు ఎవరు ఏ నేల మీద నిలబడి గెలుస్తున్నారో తెలిసింది. గెలుపును చదవడానికి ఒక పక్క నోటు దొరికింది.

రేడియో పోటీలోనూ లాగ్‌తో పాటు మూడు వరుసలు చాలు. ఎన్ని స్తంభాలు, ఎంత ఎత్తు, ఎన్ని కడ్డీల యాంటెన్నాలు. వాటిని ఫలితాల పట్టికలో స్కోరు పక్కనే ముద్రించాలి. ఇది అసాధ్యమేమీ కాదు. సీక్యూ వారిదే మరో పోటీ అయిన డబ్ల్యూపీఎక్స్‌లో, ఒకే మూడుపట్టాల యాంటెన్నా, మిగతా పట్టాలకు ఒంటి తీగలు వాడేవారికి ఎప్పటినుంచో ఒక ఉపవిభాగం ఉంది. అంటే యాంటెన్నాను ఒక్క వాక్యంలో నిర్వచించవచ్చని నిర్వాహకులే ఒప్పుకున్నట్లు. అమెరికా హామ్‌ల ఫీల్డ్ డే మరో పద్ధతిని పాటిస్తుంది. బ్యాటరీ వంటి ఆధారంతో 5 వాట్ల లోపు పనిచేసినవారి సంపర్కాల పాయింట్లను ఐదుతో గుణిస్తారు, 100 వాట్ల లోపు వారివి రెండుతో. వేరే గదిలోకి పంపకుండా అదే జాబితాలో వారి కష్టానికి విలువ కట్టడం అది. ఏ గుణకం న్యాయమో వాదించుకోవచ్చు. ఆ వాదన బహిరంగంగా, అంకెలు ముందు పెట్టుకుని జరుగుతుంది, అదే మేలు.

అధికారిక జాబితా మారే దాకా ఆగనక్కరలేదు కూడా. భారతదేశంలోని హామ్ సంఘాలు తమలో తాము జరుపుకునే పోలికల్లో భారతీయ లైసెన్సు గీతలను వాడుకోవచ్చు. 50 వాట్ల వారిని 50 వాట్ల వారితో, 400 వాట్ల వారిని 400 వాట్ల వారితో సరిచూడవచ్చు. జంషెడ్‌పూర్ వీయూ3కు అసలు సరిజోడు టెక్సాస్ పొలంలో లేడు. అదే చట్టం, అదే ఇరుకు, అదే రొద, అదే ఖండం పంచుకుంటూ విశాఖలోనో, వరంగల్‌లోనో మరో డాబా మీద ఉన్నాడు.

ఇంతా చేసి ఇది ఒక వినోదం కదా, ఎందుకింత పట్టింపు అన్న సందేహం రావచ్చు. హైదరాబాదులోని జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ తరఫున భారతీ ప్రసాద్ బృందం 2004 డిసెంబరులో అండమాన్ దీవులకు వెళ్లింది వినోదానికే. పోర్ట్ బ్లెయిర్ నుంచి ప్రపంచ హామ్‌లను పలకరిస్తూ ఉండగా 26వ తేదీన సునామీ వచ్చింది. టెలిఫోన్లు మూగబోయాయి. పలకరింపులు ఆపి, అదే రేడియోలతో ఆ బృందం దీవులకూ ప్రధాన భూభాగానికీ మధ్య సమాచారం చేరవేసింది. రద్దీలో సన్నని గొంతును పట్టుకోవడం, ఒక్కసారి విని తప్పులేకుండా రాసుకోవడం, గంటల తరబడి నిద్రలేకుండా నిలబడటం పోటీల్లోనే అలవడతాయి. ఆ విద్య పదెకరాలున్నవారి దగ్గరే పోగుపడితే నష్టం ఓడినవారిది మాత్రమే కాదు. ఆపద ఇరుకు పేటలనూ వదలదు. అక్కడ పలికే గొంతు అక్కడిదే కావాలి. చోటు లేనివాడు పోటీలో తన స్థానం చూసుకుని, ఇది మనవల్ల కాదని రేడియో కట్టేస్తే, మూగబోయే వీధి అతనిదే.

గీతలు లేకుండా పోటీ లేదు. ప్రతి గీతా కొందరికి అన్యాయం చేస్తుంది, అదీ తప్పదు. తప్పించుకోగలిగింది ఒక్కటే. కొలిచిన దాన్ని చూపించి, కొలవనిదాన్ని దాచడం. భాలుబాసా డాబా మీది తీగకు రెండువందలో స్థానం వచ్చినా అవమానం లేదు, ఆ స్థానం పక్కన తీగ ఎత్తు ఆరు మీటర్లని, మొదటి స్థానం పక్కన స్తంభం ఎత్తు నలభై మీటర్లని రాసి ఉంటే. చదివేవారు ఆ రెండు అంకెలనూ చూసి, ఎవరు ఎంత గెలిచారో తామే తేల్చుకుంటారు.